చాప కొయ్యం!

2019 జులై 1, రాత్రి. హాంకాంగ్ శాసనసభ భవనం అద్దాలు బద్దలుకొట్టి లోపలికి దూసుకెళ్లిన కుర్రాళ్లు గోడల నిండా స్ప్రే పెయింట్‌తో రాతలు రాశారు. అందులో ఒక స్తంభం మీది మాట ఆ తర్వాత ప్రపంచమంతా తిరిగింది. మన మాటల్లో చెప్పాలంటే: శాంతియుతంగా ఊరేగితే పనవ్వదని మాకు నేర్పింది మీరే.

అదే రాత్రి అదే భవనంలో ఇంకో సంగతి కూడా జరిగింది. ఫ్రిజ్‌లోంచి కూల్‌డ్రింకులు తీసుకున్నవాళ్లు డబ్బులు అక్కడే పెట్టి, మేం దొంగలం కాదు, ఊరికే తీసుకోలేదు అని చీటీ అంటించారు.

అద్దాలు పగలగొట్టిందీ, డ్రింకులకి లెక్క కట్టిందీ ఒకే గుంపు. ఈ వారం కాలమ్ వాళ్ల గురించే. యాప్‌లూ, అప్రైజళ్లూ వచ్చే వారం చూసుకుందాం.

ఎందుకంటే, ఏ దేశంలో కుర్రాళ్లు రోడ్డెక్కినా మా ఆఫీసు క్యాంటీన్‌లో ఒకటే వాదన. "ప్లకార్డు పట్టుకుని నిలబడితే ఎవడు పట్టించుకుంటాడ్రా?" అని ఒకడు. "రాయి చేతిలోకి తీసుకున్నాక ఇంకేం ఉద్యమం?" అని ఇంకొకడు. ఈ రెండూ ఎవరూ ఎప్పుడూ ప్రయత్నించి చూడనట్టే మాట్లాడతారు. హాంకాంగ్ వాళ్లు రెండూ ఒకే ఊళ్లో, ఒకే ఏడాదిలో, ఒకేసారి చేసి చూశారు. నేను బీటెక్ అయ్యి ఉద్యోగంలో చేరిన ఏడాది అది. అక్కడ హెల్మెట్లు పెట్టుకుని ముందువరసలో నిలబడ్డవాళ్లలో చాలామందిది నా వయసే. కొందరు ఇంకా స్కూలు పిల్లలు.

కథ తెలిసినవాళ్లు ఒక్క పేరా ఓపిక పట్టండి. 1997లో బ్రిటన్ హాంకాంగ్‌ను చైనాకి అప్పగించింది. 50 ఏళ్ల పాటు హాంకాంగ్ పద్ధతులు హాంకాంగ్‌వే అని మాట. కోర్టులు వేరు, పత్రికలు వేరు. ఓటు మాత్రం అరకొర. 2019 నాటికి శాసనసభలో 70 సీట్లుంటే, ప్రాంతాలవారీగా జనం నేరుగా ఎన్నుకునేవి 35. అప్పట్లో పాలకురాలిని ఎన్నుకునేది 1,200 మంది కమిటీ. 2017లో క్యారీ లామ్ గెలిచింది 777 ఓట్లతో. 75 లక్షల మంది ఉన్న ఊరికి 777 ఓట్లు! పెద్ద అపార్ట్‌మెంట్ల సంఘం ఎన్నికల్లో కూడా అంతకంటే ఎక్కువే పడతాయేమో. 2019లో ఆవిడ సర్కారు ఒక బిల్లు తెచ్చింది. నిందితుల్ని చైనా కోర్టులకి కూడా అప్పగించొచ్చు అన్నది దాని సారాంశం. మంట అక్కడ అంటుకుంది.

అయితే అసలు వాదన అంతకు అయిదేళ్ల ముందే మొదలైంది. 2014లో ఇదే ఊళ్లో గొడుగుల ఉద్యమం జరిగింది. మా పాలకుల్ని మేమే నేరుగా ఎన్నుకుంటాం అని 79 రోజులు నడిరోడ్డు మీద టెంట్లు వేసుకుని కూర్చున్నారు. ఎంత శాంతంగా అంటే, చెత్త వేరుచేసి డబ్బాల్లో వేసేవాళ్లు, పిల్లలు టెంట్లలో హోంవర్క్ చేసుకునేవాళ్లు. చివరికి దక్కింది సున్నా. అంతకన్నా పెద్ద దెబ్బ ఏంటంటే, వాళ్లలో వాళ్లే చీలిపోయారు. మీ మెతకదనం వల్లే ఓడాం అని వీళ్లు, మీ దూకుడు వల్లే చెడ్డపేరొచ్చింది అని వాళ్లు. ఏళ్ల తరబడి తిట్టుకున్నారు.

అందుకే 2019లో ఒక ఒట్టు పెట్టుకున్నారు. చైనాలో ఒక పాత కథ ఉంది. ఇద్దరు స్నేహితులు ఒకే చాప మీద కూర్చుని చదువుకుంటున్నారు. బయట ఎవరో గొప్పాయన బండి పోతుంటే ఒకడు లేచి చూడ్డానికి పరిగెత్తాడు. రెండోవాడు చాపని మధ్యకి కోసేసి, నువ్వింక నా స్నేహితుడివి కాదు అన్నాడు. హాంకాంగ్ కుర్రాళ్ల ఒట్టు దాన్నుంచే వచ్చింది: మేం చాప కొయ్యం. శాంతియుతంగా నడిచేవాళ్లని 'వో లేయ్ ఫేయ్' అన్నారు. శాంతి, వివేకం, అహింస అని దానర్థం. ముందువరసలో తలపడేవాళ్లు 'యుంగ్ మోవ్', అంటే వీరులు. కొండ ఒకటే, ఎవరి దారిలో వాళ్లు ఎక్కుదాం, ఒకర్నొకరు తప్పుపట్టొద్దు. ఇదీ ఒప్పందం.

ఈ ఒప్పందం పనిచేసిన తీరు చూస్తే మాత్రం ముచ్చటేస్తుంది. నాయకుడు లేడు. ఆన్‌లైన్‌లో ఒకరు ఒక ఆలోచన పెడితే జనం ఓట్లేసి పైకి తెచ్చేవాళ్లు, టెలిగ్రామ్ గ్రూపుల్లో అక్కడికక్కడ పోల్ పెట్టి ఉందామా వెళ్దామా అని తేల్చుకునేవాళ్లు. హెల్మెట్ కావాలంటే ఒక చేతి సైగ, కత్తెర కావాలంటే ఇంకో సైగ. ఆ సైగ గుంపులో వెనక్కి వెనక్కి పాకిపోతే, కిలోమీటరు అవతలి నుంచి ఆ వస్తువు చేతులు మారుతూ ముందువరసకి వచ్చేది. టియర్ గ్యాస్ గోళం పడితే దాని మీద ట్రాఫిక్ కోన్ బోర్లించి, పైనుంచి నీళ్లు పోసేవాళ్లు. తల నెరిసినవాళ్లు కొందరు పోలీసులకీ పిల్లలకీ మధ్య వెళ్లి నిలబడేవాళ్లు. రాత్రిళ్లు మెట్రో ఆగిపోతే ముక్కూ మొహం తెలియనివాళ్లు కార్లు వేసుకొచ్చి కుర్రాళ్లని ఇళ్లకి చేర్చేవాళ్లు. దానికి వాళ్లు పెట్టుకున్న కోడ్ 'స్కూలు వదిలాక పిల్లల్ని తీసుకురావడం'. సెప్టెంబర్ 1న విమానాశ్రయం దగ్గర చిక్కుకున్నవాళ్ల కోసం వేల కార్లు వెళ్లాయి.

జులై 1 రాత్రి కూడా అంతే. పోలీసులు వచ్చేస్తున్నారని తెలిసి అందరూ శాసనసభలోంచి బయటపడ్డారు. నలుగురు మాత్రం కదలం అని కూర్చున్నారు. బయటికొచ్చినవాళ్లు మళ్లీ లోపలికి పరిగెత్తి, వెళ్తే అందరం కలిసే వెళ్దాం అని ఆ నలుగుర్నీ ఎత్తుకొచ్చేశారు.

ఇప్పుడు వీరుల వైపు లెక్క చూద్దాం, ఎందుకంటే వాళ్ల దగ్గర గట్టి సాక్ష్యమే ఉంది. జూన్ 9న పది లక్షల మంది నడిచారని నిర్వాహకులు చెప్పారు. పోలీసుల లెక్క 2 లక్షల 40 వేలు. ఏ లెక్క తీసుకున్నా, ఆ రాత్రే సర్కారు ప్రకటన వచ్చింది: బిల్లు మీద చర్చ అనుకున్న రోజే జరుగుతుంది. జూన్ 12న కుర్రాళ్లు శాసనసభని చుట్టుముట్టి సభే జరక్కుండా చేశారు. టియర్ గ్యాస్, రబ్బరు బుల్లెట్లు. మూడు రోజులకి క్యారీ లామ్ బిల్లుని పక్కన పెట్టారు. అంటే లక్షల మంది నడిస్తే కదలనిది, కొన్ని వేల మంది అడ్డంపడితే కదిలింది. మర్నాడు, జూన్ 16న, 20 లక్షల మంది వచ్చారని నిర్వాహకులన్నారు. బిల్లు రద్దు అన్న మాట మాత్రం సెప్టెంబర్ 4 దాకా రాలేదు. ఆలోపు వీధులు మండుతూనే ఉన్నాయి. స్తంభం మీద ఆ మాట రాసినవాడికి చరిత్ర తెలీదని ఎవరూ అనలేరు. వాడు మొన్నటి పేపరే చదివి రాశాడు.

మరి తేడా ఎక్కడ కొట్టింది?

జులై 21న యుయెన్ లాంగ్ స్టేషన్లో తెల్ల చొక్కాల ముఠా కర్రలతో ప్రయాణికుల మీద పడింది. పోలీసులు వచ్చేసరికి అంతా అయిపోయింది. పోలీసుల మీద నమ్మకం ఆ రాత్రితో పోయిందనే చెప్పాలి. ఆగస్టు 11న పోలీసులే నిరసనకారుల వేషంలో గుంపులో కలిసి అరెస్టులు చేశారు. మర్నాడు ఆ మాట ఒప్పుకున్నారు కూడా. మాస్కు పెట్టుకున్న ఉద్యమానికి ఇంతకంటే ప్రమాదం లేదు. పక్కనున్నవాడు మనవాడో కాదో తెలీదు. రెండు రోజులకి విమానాశ్రయంలో ఆ భయం బద్దలైంది. చైనా నుంచి వచ్చిన ఇద్దరిని పోలీసు గూఢచారులని అనుమానించి పట్టుకున్నారు, కొట్టారు. అందులో ఒకతను విలేకరి. అతన్ని లగేజీ ట్రాలీకి కట్టేశారు. మర్నాడు అదే విమానాశ్రయంలో కొందరు కుర్రాళ్లు క్షమించండి అని బోర్డులు పట్టుకుని నిలబడ్డారు. సిగ్గుపడే శక్తి ఇంకా ఉందన్నమాట.

నాకు భయం వేసేది ఆ తర్వాత పుట్టిన మాటలు చూస్తే. చైనా అనుకూల దుకాణాన్ని ధ్వంసం చేస్తే దానికి పేరు 'ఇంటీరియర్ పని'. అవతలి పక్షం మనిషిని వీధిలో కొడితే 'మనలో మనం తేల్చుకోవడం'. చేసిన పనికి అసలు పేరు పెట్టడానికి మనసు ఒప్పనప్పుడే ఇలాంటి ముద్దుపేర్లు వస్తాయి. సర్కార్లు ఈ పని ఎప్పట్నుంచో చేస్తున్నాయి. కుర్రాళ్లు తొందరగానే నేర్చుకున్నారు.

నవంబర్‌లో అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. 22 ఏళ్ల కంప్యూటర్ సైన్స్ విద్యార్థి ఒకడు పోలీసు చర్య జరుగుతున్న చోటికి దగ్గర్లో కార్ పార్కింగ్ భవనంలోంచి పడి చనిపోయాడు. ఎలా పడ్డాడో విచారణ కూడా తేల్చలేకపోయింది. నవంబర్ 11న ఒక పోలీసు అతి దగ్గర నుంచి నిరసనకారుణ్ని తుపాకీతో కాల్చాడు. అదే రోజు, వాదనకు దిగిన ఒక మనిషి మీద ఏదో పోసి నిప్పంటించారు. రెండు రోజులకి షుంగ్ షుయ్‌లో రోడ్డు మీది ఇటుకలు తీస్తున్న స్థానికులకీ నిరసనకారులకీ మధ్య గొడవైంది. ఒక ఇటుక వచ్చి 70 ఏళ్ల సఫాయి కార్మికుడి తలకి తగిలింది. మర్నాడు ఆయన చనిపోయాడు.

ఇక్కడే చాప గుర్తొస్తుంది. ఎవరి దారిలో వాళ్లు ఎక్కుదాం అని ఒట్టు పెట్టుకున్నాక, ఆ ఇటుక గురించి మాట్లాడేది ఎవరు? బాధపడ్డవాళ్లు లక్షల్లో ఉండే ఉంటారు. కానీ ఇకనుంచి ఇది ఆపండి అని ఒకరు చెబితే ఇంకొకరు వినే ఏర్పాటు ఆ ఉద్యమంలో లేదు. మా భాషలో చెప్పాలంటే, ఎవరు కోడ్ రాసినా నేరుగా ప్రొడక్షన్‌లోకి వెళ్లిపోతుంది. రివ్యూ లేదు, రోల్‌బ్యాక్ అంతకన్నా లేదు. అరెస్టు చెయ్యడానికి నాయకుడు దొరక్కపోవడం ఎంత బలమో, ఆపడానికి నాయకుడు లేకపోవడం అంత బలహీనత.

మనం స్కూల్లో చదువుకున్న చౌరీ చౌరా దీనికి సరిగ్గా తిరగేసిన కేసు. 1922 ఫిబ్రవరిలో జనం పోలీస్ స్టేషన్ తగలబెట్టారు, 22 మంది పోలీసులు చనిపోయారు. గాంధీ వారం తిరిగేసరికి సహాయ నిరాకరణ మొత్తాన్నే ఆపేశారు. జైల్లో ఉన్న నెహ్రూ లాంటివాళ్లకే అది మింగుడుపడలేదు. ఒక్క మనిషి మాటతో కోట్ల మంది ఆగిపోవడం మంచిదా అంటే నేనూ చెప్పలేను. కానీ బ్రేకు అనేది ఒకటి ఉంది.

నవంబర్ 24న హాంకాంగ్‌లో జిల్లా కౌన్సిళ్ల ఎన్నికలు. ఈ హింస చూసి జనం విసిగిపోయి ఉంటారు, మాటాడని జనమంతా మావైపే అని సర్కారు పక్షం లెక్క. పోలింగ్ 71 శాతం దాటింది. 452 సీట్లలో ప్రజాస్వామ్య పక్షానికి 380కి పైగా వచ్చాయి. 18 కౌన్సిళ్లలో 17 వాళ్లవే. పాలిటెక్నిక్ యూనివర్సిటీని పోలీసులు చుట్టుముట్టి వారం అయింది, కొందరు ఇంకా లోపలే ఉన్నారు. ఆ క్యాంపస్‌లో తర్వాత దాదాపు 4 వేల పెట్రోల్ బాంబులు దొరికాయని పోలీసులు చెప్పారు. అదంతా టీవీలో చూస్తూనే జనం వెళ్లి ఓటేశారు. అయితే అవతలి పక్షానికీ 40 శాతం పైగా ఓట్లు పడ్డాయి. సీట్ల లెక్కలో అది కనపడదు, వీధిలో మాత్రం కనపడుతుంది.

హింస జరిగినా జనం వెంటే ఉన్నారు. మరి ఎందుకు గెలవలేదు?

ఎరికా చెనోవెత్, మరియా స్టీఫన్ అనే ఇద్దరు పరిశోధకులు 1900 నుంచి 2006 దాకా జరిగిన 323 ఉద్యమాల లెక్క తీశారు. అహింసాయుతంగా నడిచినవి 53 శాతం గెలిచాయి, ఆయుధం పట్టినవి 26 శాతం. జనాభాలో 3.5 శాతం చురుగ్గా దిగితే ఏ ప్రభుత్వమైనా దిగిరావాల్సిందే అని వాట్సాప్‌లో తిరిగే మాట కూడా చెనోవెత్‌దే. 75 లక్షల్లో 3.5 శాతం అంటే 2 లక్షల 62 వేలు. జూన్ 16కి పోలీసులు ఇచ్చిన లెక్కే 3 లక్షల 38 వేలు. టార్గెట్ మొదటి నెలలోనే దాటేశారు!

చెనోవెత్ తర్వాత తనే చెప్పారు, ఇది అనుభవం మీద వేసిన అంచనా, సూత్రం కాదు అని. ఆ అంచనా పనిచేసే తీరు వేరు. అంతమంది రోడ్డెక్కితే వాళ్లలో పోలీసు కూతురు ఉంటుంది, కలెక్టర్ తమ్ముడు ఉంటాడు, వ్యాపారి బావమరిది ఉంటాడు. పాలకుడి కింద కుర్చీ మోసేవాళ్లు ఒక్కొక్కరే చెయ్యి వదిలేస్తారు. హాంకాంగ్‌లో కుర్చీ మోసేవాళ్లు ఆ ఊళ్లో లేరు, బీజింగ్‌లో ఉన్నారు. ఆగస్టు 2న హాంకాంగ్ ప్రభుత్వోద్యోగులే వచ్చి సభ పెట్టారు. ఏమైంది? ఏం కాలేదు. నా చేతుల్లో ఉంటే రాజీనామా చేసేదాన్ని అని క్యారీ లామ్ ఒక ప్రైవేటు సమావేశంలో అన్న మాటల రికార్డింగ్‌ని రాయిటర్స్ బయటపెట్టింది. ఆవిడ ఫ్రంటెండ్, అంతే. బటన్ ఎన్నిసార్లు నొక్కినా అడ్మిన్ పర్మిషన్ ఇంకెక్కడో ఉంది. 1997లో చైనా ఆర్థిక వ్యవస్థలో హాంకాంగ్ వాటా 18 శాతం దాకా ఉండేది. 2019 నాటికి 3 శాతం లోపు. ఆ ఊరు స్తంభిస్తే బీజింగ్‌కి పడే నొప్పి కూడా అంతే తగ్గిపోయింది.

నన్నడిగితే నేను నడిచేవాళ్ల వైపే. అహింస ఎప్పుడూ గెలుస్తుందని కాదు, ఇక్కడ గెలవలేదు కదా. పెట్రోల్ బాంబు విసరాలంటే పరిగెత్తే కాళ్లు కావాలి, ముసుగు కావాలి. ఆగస్టు 23న హాంకాంగ్ వాళ్లు ఊరి పొడవునా చేతులు పట్టుకుని గొలుసు కట్టారు. 1989లో అదే తేదీన బాల్టిక్ దేశాల వాళ్లు కట్టిన గొలుసుకి గుర్తుగా. కొందరు రాత్రిపూట లయన్ రాక్ కొండెక్కి లైట్లు వెలిగించారు. అందులో ముసలివాళ్లున్నారు, చంటిపిల్లల తల్లులున్నారు. అక్కడ తప్పు జరిగితే తప్పు అని చెప్పే మనిషి పక్కనే ఉంటుంది. మన పాలకుల్ని మనం ఎన్నుకోవాలి అని అడిగే ఉద్యమంలో, ఇటుక విసిరేవాడిని మాత్రం ఎవరు ఎన్నుకున్నారు?

కానీ ఈ మాట బెన్నీ టాయ్ ముందు నిలబడి చెప్పడానికి నాకు నోరు రాదు. ఆయన ఒకప్పుడు లా ప్రొఫెసర్. 2014 ఉద్యమానికి బీజం వేసిన 'ప్రేమతో, శాంతితో' అన్న పిలుపు ఆయనదే. 2020 జూన్ 30న బీజింగ్ జాతీయ భద్రతా చట్టం తెచ్చింది. జులైలో ప్రజాస్వామ్య పక్షం వాళ్లు తమ అభ్యర్థుల్ని తేల్చుకోవడానికి సొంతంగా ఒక పోలింగ్ పెట్టుకున్నారు. దాని వెనకున్న ముఖ్యుల్లో ఆయనొకరు. 6 లక్షల 10 వేల మంది క్యూ కట్టి ఓటేశారు. సభలో మెజారిటీ తెచ్చుకుని, బడ్జెట్‌ని తిరస్కరించి, సర్కారుని దించాలన్నది ప్లాన్. హాంకాంగ్ మౌలిక చట్టంలో రాసి ఉన్న దారే అది. ఒక్క అద్దం పగల్లేదు. 2021లో 47 మంది మీద కేసు పెట్టారు. ప్రభుత్వాన్ని కూలదోసే కుట్ర అన్నారు.

చాలామంది బెయిల్ లేకుండా మూడేళ్లకి పైగా జైల్లో ఉన్నారు. తీర్పులో ఇద్దరు నిర్దోషులుగా బయటపడ్డారు. మిగిలిన 45 మందికి 2024 నవంబర్ 19న శిక్షలు ఖరారయ్యాయి. నాలుగేళ్ల నుంచి మొదలు. బెన్నీ టాయ్‌కి 10 ఏళ్లు. హాంకాంగ్ చట్టంలో అల్లర్ల నేరానికి రాసి ఉన్న గరిష్ఠ శిక్ష కూడా 10 ఏళ్లే. ఈలోపు జిల్లా కౌన్సిళ్లలో జనం నేరుగా ఎన్నుకునే సీట్లని 452 నుంచి 88కి తగ్గించేశారు. 2023 డిసెంబర్లో ఎన్నికలు పెడితే 27.5 శాతం మంది వచ్చారు.

ఆ శిక్షల రోజు కోర్టు హాల్లో జనానికి కేటాయించిన సీట్లు కొన్నే. వాటి కోసం తెల్లవారకముందే వందల మంది వచ్చి వరసలో నిలబడ్డారు. నినాదాల్లేవు, బ్యానర్లు లేవు. సన్నగా తుంపర పడుతోంది. చాలామంది గొడుగులు విప్పారు.